గజం చెప్పే మాట: మన ఇళ్లలోని పాత తుపాకుల గురించి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల్లో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "డాక్టర్లు, ఇంజినీర్లు, బ్యాంకు వాళ్లు అందరూ మాట్లాడుతున్నారు, నువ్వు కూడా నీ పని గురించి ఓ అరగంట చెప్పు" అన్నారు. నా పని మీలో చాలామందికి తెలుసు. మా నాన్నగారి దగ్గర నుంచి వచ్చిన లైసెన్సు మీద విజయనగరంలో తుపాకులు బాగుచేసే చిన్న కొట్టు నడిపాను. ఇప్పుడు కొట్టు మూసే వయసు వచ్చింది. మా పిల్లలు వేరే ఉద్యోగాల్లో ఉన్నారు. కాబట్టి ఈ విషయాలు చెప్పడానికి ఇంతకంటే మంచి సభ నాకు దొరకదు.

నేను చెప్పబోయేది నోటి వైపు నుంచి మందు దట్టించే పాత తుపాకుల సంగతి. లైసెన్సు పుస్తకంలో వీటిని ఎస్.బి.ఎమ్.ఎల్., అంటే సింగిల్ బేరల్ మజిల్ లోడింగ్ అని రాస్తారు. రెండు గొట్టాలుంటే డి.బి.ఎమ్.ఎల్. ఊళ్లో మాత్రం మందు తుపాకీ అంటే చాలు. మన రెండు జిల్లాల్లో పాత భూస్వాముల ఇళ్లలో, ఎస్టేటు ఉద్యోగుల ఇళ్లలో, ఏజెన్సీ అంచు గ్రామాల్లో ఇవి ఇంకా ఉన్నాయి. కొన్ని లైసెన్సు మీద, కొన్ని అటక మీద. అటక మీద ఉన్న వాటి గురించే నాకు బెంగ.

ముందు కొంచెం చరిత్ర చెప్పుకుందాం. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద బుస్సీ సైన్యం, విజయరామరాజు సైన్యం దాడి చేశాయని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ కాలంలో మన జమీందార్ల సిపాయిల చేతుల్లో ఎక్కువగా ఉన్నది ఒత్తి తుపాకీ. నూలు తాడును సురేకారం నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, చివర నిప్పు రాజేసి ఉంచుతారు. దాన్ని జామగి అంటారు. మీట నొక్కితే ఆ నిప్పు వచ్చి రంజకానికి తగులుతుంది. ఫ్రెంచి, ఇంగ్లీషు సిపాయిల చేతుల్లో ఉన్నది చెకుముకి తుపాకీ. దానికి నిప్పు మోసుకు తిరగక్కరలేదు. రాయీ ఉక్కూ రాసుకుంటే నిప్పు అక్కడే పుడుతుంది. రాత్రిపూట జామగి వెలుగు శత్రువుకి కనబడుతుంది, వాన పడితే ఆరిపోతుంది, పక్కవాడి మందు సంచికి తగిలితే ప్రమాదం. చెకుముకి తుపాకీతో సైనికులు భుజం భుజం ఆనించి నిలబడి కాల్చగలిగారు. బొబ్బిలిలో కోట గోడల్ని పగలగొట్టింది ఫిరంగులే అయినా, ఆ తరవాత మన గడ్డ మీద జరిగిన యుద్ధాల్లో ఈ తేడా పనిచేసింది. 1794 జులై 10న పద్మనాభం దగ్గర చిన్న విజయరామరాజు కంపెనీ సైన్యాన్ని ఎదుర్కొని ప్రాణం విడిచేనాటికి కంపెనీ సిపాయి చేతిలో ఉన్నది చెకుముకి తుపాకీయే.

చెకుముకి అనే మాట ఇవాళ్టి పిల్లలకి సైన్సు పత్రిక పేరుగా, సైన్సు పరీక్షల పేరుగా తెలుసు. అసలు సైన్సు ఏమిటంటే, నిప్పు రాయిలోంచి రాదు. రాయి అంచు పదునుగా ఉండి గట్టి ఉక్కును చెక్కుతుంది. ఆ చెక్కిన ఉక్కు రజను గాలి తగిలి మండుతుంది. మన కళ్లకు కనబడే రవ్వలు అవే. అంటే రాయి ఎంత మంచిదైనా ఉక్కు మెత్తబడితే నిప్పు రాదు. ఉక్కు ఎంత మంచిదైనా రాయి అంచు మొద్దుబారితే నిప్పు రాదు. మన కొండల్లో దొరికే తెల్ల పలుగురాయి కూడా రవ్వలు రాలుస్తుంది గానీ అంచు తొందరగా నలిగిపోతుంది. ఇంగ్లండులో బ్రాండన్ అనే ఊరివాళ్లు తుపాకీ రాళ్లు చెక్కడమే వృత్తిగా బతికారు. అలాంటి రాళ్లు సముద్రం దాటి ఇక్కడి యుద్ధాలకీ వచ్చాయి.

ఇక తుపాకీ నిర్మాణం. గొట్టం వెనక భాగం మూసి ఉంటుంది. పక్కన సూది పట్టేంత చిన్న రంధ్రం. మా నాన్నగారు దాన్ని చెవి అనేవారు. చెవి పక్కన చిన్న గిన్నె, అందులో చిటికెడు రంజకం. గిన్నె మీద మూతలాగా వంగిన ఉక్కు పలక. రాయిని దవడలతో పట్టుకునే భాగాన్ని హిందీలో ఘోడా అంటారు, మా కొలిమి దగ్గర గుర్రమే. మీట నొక్కగానే గుర్రం ముందుకు దూకి, రాయి ఉక్కు పలకను గీసి, మూత తెరుచుకుని, రవ్వలు రంజకం మీద పడి, ఆ మంట చెవిలోంచి లోపలి మందుకు అందుతుంది. ఇంత తతంగం రెప్పపాటులో జరగాలి. గుర్రాన్ని సగం లాగి నిలిపే గాడి ఒకటి ఉంటుంది. అది అరిగిపోయిన తుపాకీ కొట్టుకి వస్తే మా నాన్నగారు ముందు దాన్నే చూసేవారు. ఆ గాడి జారితే, చేతిలో మీట ముట్టకుండానే తుపాకీ పేలుతుంది.

గొట్టం కింద పొడవాటి ఊచ ఉంటుంది. దాని పేరు గజం. ఈ మధ్య కొమరాడ, గరుగుబిల్లి పొలాల్లో తిరుగుతున్న గజం కాదు! మందునీ గుండునీ నోటి నుంచి అడుక్కి దట్టించే ఊచ. నా ప్రసంగానికి పేరు దాని మీదే పెట్టాను, ఎందుకో చెబుతాను.

చెకుముకి తుపాకీ రాజ్యం సుమారు రెండు వందల ఏళ్లు సాగింది. దాన్ని దించినవాడు యుద్ధవీరుడు కాదు, స్కాట్లండులో ఒక చర్చి ఫాదరీ, పేరు అలెగ్జాండర్ ఫోర్సైత్. ఆయన పిట్టలు కొట్టేటప్పుడు, గిన్నెలో రంజకం భగ్గుమనగానే పిట్ట చూసి ఎగిరిపోయేదట. ఆ చిరాకుతో, దెబ్బ తగిలితే మండే రసాయనంతో తుపాకీ పేల్చే పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంటు తీసుకున్నాడు. దాని నుంచే తరవాత రాగి కేపులు వచ్చాయి. మన ఊళ్లలో మిగిలిన మందు తుపాకులు ఎక్కువ భాగం ఈ కేపు రకమే. పాత చెకుముకి తుపాకులకి గిన్నె తీసేసి, నిపుల్ బిగించి కేపు రకంగా మార్చినవి కూడా నా చేతుల మీదుగా వెళ్లాయి. గొట్టం పక్కన పాత గిన్నె మరలు పూడ్చిన మచ్చలు కనబడితే, అది తాతల నాటిది అని గుర్తుపట్టాలి.

ఇప్పుడు నా పని. పాత తుపాకీకి వచ్చే జబ్బులు మూడే మూడు: తుప్పు, స్ప్రింగు, ఉక్కు పలక.

నల్లమందు కాలితే సగానికి పైగా మసిగా, ఉప్పుగా గొట్టంలోనే మిగులుతుంది. ఆ ఉప్పు గాలిలో తడిని లాక్కుంటుంది. మన కోస్తా గాలి సంగతి మీకు తెలుసు. భాద్రపదంలో ఒక్క రాత్రి కడగకుండా వదిలితే తెల్లారేసరికి లోపల ఎర్రటి తుప్పు. దీనికి మందు వేడినీళ్లే. తుపాకీలో నీళ్లు పోయడమా అని చాలామంది భయపడతారు. కిరసనాయిలుతో తుడిస్తే మసి పోతుంది గానీ ఉప్పు పోదు. ఉప్పు కరిగేది నీళ్లలోనే. మరిగే నీళ్లు పోస్తే గొట్టం వేడెక్కి దానంతటదే ఆరిపోతుంది. తరవాత పొడిబట్ట, ఆ తరవాత పలచగా నూనె. 2014లో హుద్‌హుద్ వచ్చి వెళ్లాక, మళ్లీ 2018లో తిత్లీ వచ్చాక, వానలో నానిన తుపాకులు నా కొట్టుకి వరసగా వచ్చాయి. ఉద్దానం నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "కొబ్బరి చెట్లు పోయాయి, జీడి తోట పోయింది, ఇదైనా మిగల్చు బాబూ" అని బల్ల మీద పెట్టారు. కర్ర ఉబ్బిపోయి మరలు కదలని స్థితి. అలాంటప్పుడు తొందరపడకూడదు. ఎండలో పెడితే కర్ర పగులుతుంది. నీడలో, గాలి తగిలేచోట నెలరోజులు ఆరబెట్టాకే విప్పాను. ఆయన తుపాకీ మిగిలింది.

స్ప్రింగు వి ఆకారంలో ఉండే ఉక్కు ముక్క. దాన్ని ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గాజులా గట్టిపడుతుంది, కానీ వంచితే విరుగుతుంది. మళ్లీ మెల్లగా వేడిచేస్తే ఉక్కు మీద రంగులు వస్తాయి. ముందు గడ్డి పసుపు, తరవాత గోధుమ, ఊదా, చివరికి నెమలి నీలం. నీలం వచ్చిన క్షణాన ఆపాలి. ఆ రంగు కనబడాలంటే మధ్యాహ్నం ఎండలో పని చేయకూడదు. మా కొలిమి పని ఎప్పుడూ సాయంత్రమే. మా నాన్నగారు థర్మామీటరు చూడలేదు. మన స్కూల్లో ఫిజిక్సు మాస్టారు ఉక్కు గురించి చెప్పినప్పుడు, ఇంట్లో చూసేదే పుస్తకంలో ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఉక్కు పలక మెత్తబడితే, బొమికల బొగ్గుతో కలిపి మట్టి పెట్టెలో మూసి గంటల తరబడి కాల్చి నీళ్లలో ముంచాలి. పైపొర మాత్రమే గట్టిపడుతుంది, లోపల మెత్తగానే ఉంటుంది. అందుకే దెబ్బ తగిలినా పగలదు. ఈ మూడు పనులూ తెలిసినవాడికి పాత తుపాకీలో రాని పని లేదు.

ఇక గజం సంగతి. నా జీవితంలో నేను నేర్చుకున్న అతి ముఖ్యమైన పాఠం ఇది. ఒక పాత ఇంటివారు పెళ్లికి ఇల్లు సున్నం వేయిస్తూ, హాల్లో గోడకి వేలాడుతున్న తుపాకీని తీసి పాలిష్ చేయించడానికి నా దగ్గరికి పంపారు. వెంట వచ్చిన కుర్రాడు చెప్పాడు: పిల్లలందరూ దాన్ని పట్టుకుని ఫోటోలు దిగారని, దాన్ని కాల్చి యాభై ఏళ్లయిందని. మా నాన్నగారు ఇంకా ఉన్నారు, వరండాలో కూర్చుని చూస్తున్నారు. ఆయన మాట ఒకటే: "తుపాకీ ఖాళీగున్నాదని మనిసి సెప్పకూడదురా, గజం సెప్పాల." గజాన్ని గొట్టంలోకి ఆగేదాకా దించాను. నోటి దగ్గర గుర్తు పెట్టాను. బయటికి తీసి, గొట్టం పక్కన అదే గుర్తుకి ఆనించి పెట్టాను. గజం కొస చెవి దాకా రావాలి. నాలుగు వేళ్ల ముందే ఆగిపోయింది. ఆ నాలుగు వేళ్ల మేర లోపల మందు, పీచు, రవ్వలు. యాభై ఏళ్లుగా, పిల్లల ఫోటోలతో సహా.

నల్లమందు పొడిగా ఉంటే పాతబడినంత మాత్రాన చావదు. ఇది అందరూ గుర్తుంచుకోవాలి. ఆ రోజు గొట్టంలోకి నీళ్లు పట్టించి, మందు పూర్తిగా తడిసేదాకా రెండు రోజులు ఉంచి, అప్పుడు మరతో బయటికి లాగాను. మీరు ఆ పని చేయకండి. గజంతో చూడటం కూడా, నోటి ముందుకు ముఖం, చెయ్యి రాకుండా పక్క నుంచి చేయాల్సిన పని. నోరు ఎవరి వైపూ లేకుండా పెట్టి, తెలిసినవాడిని పిలవండి, లేదా స్టేషనుకి చెప్పండి.

కాల్చడం గురించి కూడా చెప్పమన్నారు. ఇక్కడ నేను కాల్చింది పరీక్ష కోసమే, అదీ లైసెన్సు షరతుల ప్రకారం. తీరిగ్గా గురి పెట్టి కాల్చింది మాత్రం మా అమ్మాయి ఇంటికి పెన్సిల్వేనియా వెళ్లినప్పుడు. ఆ రాష్ట్రంలో క్రిస్మస్ తరవాత జింకల వేటకి ఒక ప్రత్యేక సీజను ఉంది. అందులో చెకుముకి తుపాకీ తప్ప వేరే రకం వాడకూడదు. 1974 నుంచి ఆ ఆచారం నడుస్తోంది. అందువల్ల అక్కడ రాళ్లు, స్ప్రింగులు, కొత్త తుపాకులు అన్నీ దొరుకుతాయి. మా అల్లుడి స్నేహితుడు వాళ్ల క్లబ్బు రేంజికి తీసుకువెళ్లాడు.

అక్కడి పద్ధతి నాకు నచ్చింది. మందు కొమ్ములోంచి తిన్నగా గొట్టంలో పోయనివ్వరు. లోపల నిప్పు రవ్వ మిగిలి ఉంటే చేతిలో ఉన్న మందంతా అంటుకుంటుంది. అందుకని చిన్న కొలతలో పోసుకుని, దాంట్లోంచి పోయాలి. నూనె రాసిన గుడ్డలో గుండు చుట్టి, గజంతో మందు మీద కూర్చునేదాకా దించాలి. మధ్యలో ఖాళీ ఉంటే గొట్టం పగలొచ్చు. గజం మీద గుర్తు ఉంటుంది, ఆ గుర్తు నోటికి వచ్చిందా లేదా చూస్తారు. రంజకం అన్నిటికంటే చివర, నిలబడే గీత దగ్గరికి వెళ్లాకే. మీట నొక్కాక టిక్కు, భుస్సు, ఢాం అని మూడు చప్పుళ్లు. ఆ మూడూ అయ్యేదాకా గురి కదలకూడదు. కొత్తవాళ్లు భుస్సు దగ్గరే ఉలిక్కిపడి గురి తప్పుతారు. ఒక్కోసారి భుస్సుమని ఆగిపోతుంది. అప్పుడు తుపాకీని దించకుండా, నోరు లక్ష్యం వైపే ఉంచి, నిమిషం పాటు నిలబడాలి. నేను వేసిన పదింట్లో ఆరు కాగితానికి తగిలాయి. ఈ వయసుకి అది చాలు అనుకున్నాను.

ఈ ఆటకి అంతర్జాతీయ సంఘం కూడా ఉంది, ఎమ్.ఎల్.ఎ.ఐ.సి. అంటారు, 1971లో ఏర్పడింది. అరగంటలో 13 గుళ్లు కాల్చాలి, మంచి పది లెక్కకి వస్తాయి. ఒత్తి తుపాకీ పోటీకి జపాను దీవి పేరు తనెగషిమా అని పెట్టారు. జామగి తుపాకీ మన దగ్గర కూడా శతాబ్దాల పాటు నడిచింది, కానీ మన పేరుతో పోటీ లేదు.

ఇక చట్టం. 1878 ఆయుధాల చట్టంతో తెల్లవాళ్లు మన చేతుల్లో తుపాకీకి లైసెన్సు పెట్టారు, తమవాళ్లకి మినహాయింపు ఇచ్చుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక 1959 చట్టం వచ్చింది, 1962 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. మందు తుపాకీ అయినా, తాతల నాటిదైనా, పనిచేసేదైతే లైసెన్సు కావాల్సిందే. బాగుచేస్తే పనిచేసేదైనా అంతే. ఎంత బాగుచేసినా పేలని స్థితిలో ఉన్న పాత వస్తువుకి 45వ సెక్షనులో మినహాయింపు ఉంది. కానీ అది పేలుతుందో లేదో ఇంట్లోవాళ్లు తేల్చుకునేది కాదు. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్యని మూడు నుంచి రెండుకి తగ్గించారు, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. లైసెన్సుదారు చనిపోతే ఆ తుపాకీని స్టేషనులో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ ఆలస్యం లేకుండా అప్పగించాలి. వారసులు తమ పేరు మీద లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎన్నికలప్పుడు మన నాన్నలు తుపాకీ భుజాన వేసుకుని స్టేషనుకి వెళ్లి రసీదు తెచ్చుకోవడం మీలో కొందరు చూసే ఉంటారు. ఆ రసీదు కాగితాలు కూడా జాగ్రత్త చేయండి, దరఖాస్తుకి పనికొస్తాయి.

ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చిన తమ్ముళ్లకి ఒక మాట. పందులు పంట తొక్కేస్తున్నాయని, ఎలుగులు జీడితోటలోకి వస్తున్నాయని నీళ్ల పైపుతో తుపాకులు చేయించుకుంటున్నారు. అతుకు పైపు నల్లమందు ఒత్తిడికి పుట్టలేదు. అది చీలితే చీలేది కాల్చేవాడి చెంప దగ్గరే. ఇంకొందరు కొత్తరకం తోటాల్లో మందు తీసి పాత తుపాకీలో పోస్తారు. ఎంత మంచి గొట్టమైనా దానికి ఆగదు. పైగా 1972 వన్యప్రాణి చట్టం కింద ఎలుగుని కొడితే జైలే. పంట నష్టానికి అటవీ శాఖకి అర్జీ పెట్టండి. ఆ అర్జీలు రాసిపెట్టడానికి మన సంఘంలో ఇంతమంది చదువుకున్నవాళ్లం ఉన్నాం. స్వర్ణోత్సవం పేరున ఈ ఒక్క పని మొదలుపెట్టినా ఒకరిద్దరి కళ్లు, చేతులు మిగులుతాయి.

చివరిగా నా కోరిక. మీ ఇళ్లలో పాత తుపాకీ ఉంటే దాన్ని రాత్రికి రాత్రి చెరువులో పారేయకండి, ఇనుప సామాన్లవాడికి తూకానికి ఇవ్వకండి. ముందు చట్టప్రకారం అప్పగించండి లేదా లైసెన్సు చేయించండి. నూరేళ్లు దాటినదైతే పురావస్తువు కింద లెక్కకి రావచ్చు. హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియంలో, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో పాత ఆయుధాలని ఎలా నిలబెట్టారో చూడండి. మన బొబ్బిలి, విజయనగరం, పర్లాకిమిడి ప్రాంతాల వస్తువులు మన దగ్గరే అలా నిలబడితే చూసే పిల్లలకి చరిత్ర అర్థమవుతుంది.

నా కొట్టులో మిగిలిన పనిముట్లు, స్ప్రింగు వంచే అచ్చులు, మరలు తోడే పిడులు వాడకానికి కాకుండా చూడటానికి మన పాఠశాల సైన్సు గదికి ఇస్తున్నాను. హెడ్‌మాస్టరు గారు ఒప్పుకున్నారు. వాటితోపాటు పేర్ల పట్టిక ఒకటి నా చేత్తో రాసి ఇస్తాను: గజం, రంజకం, జామగి, గుర్రం, చెవి. పని ఆగిపోయినా మాటలు ఉండాలి. నీలం రంగు దగ్గర ఉక్కుని ఆపడం ఎవరైనా కుర్రాడు నేర్చుకుంటానంటే, తుపాకీ కోసం కాకపోయినా గడియారం స్ప్రింగు కోసమైనా సరే, సాయంత్రం పూట నా కొలిమి వెలుగుతూనే ఉంటుంది. రమ్మనండి.